వానపాములకు వేడి చేసింది

మా ఊరి పేరు ఇక్కడ రాయను. రాస్తే నా ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, మా ఇంటి కుళాయికి నీళ్ళు ఆగిపోతాయి. కూరలో కారం తగ్గితే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని పక్కింటివాళ్ళు పలకరించడానికి వచ్చే ఊరని చెబితే చాలు. ఆ ఊరి పురపాలక సంఘం ఆఫీసులో నేను జూనియర్ అసిస్టెంటుని. పేరు పిచ్చేశ్వరరావు. సర్క్యులర్లు టైపు చేయడం నా పని. ఇక్కడ చెప్పబోయే ప్రతి సర్క్యులరూ ఈ చేతులతో టైపు చేసిందే కాబట్టి, వాటిలో ఉన్న తెలివితేటల్లో నాకూ కొంత వాటా ఉంది.

మా కమిషనర్ విశ్వపతిగారు మార్చి నెలలో ఏదో నగరంలో మూడు రోజుల శిక్షణకు వెళ్ళారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు గుప్పెడు ఎర్ర వానపాముల్ని వెంటబెట్టుకుని వచ్చారు. సమావేశ మందిరంలో మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి, వాటిని అరచేతిలో పోసుకుని, "మిత్రులారా, చెత్త అనేది వస్తువు కాదు. అదొక దృక్పథం" అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం. వానపాములు మాత్రం ఆయన వేళ్ళ సందుల్లోంచి జారిపోయే ప్రయత్నంలో ఉన్నాయి.

అలా పుట్టింది 'ఇంటింటా వానపాము' పథకం. ప్రతి ఇంటికీ ఒక నీలం డబ్బా, అందులో గుప్పెడు వానపాములు ఇస్తాం. ఇంటివాళ్ళు కూరగాయల తొక్కలూ, ఆకుల కాడలూ అందులో వేస్తే అవి తిని ఎరువు చేసి పెడతాయి. ఊళ్ళో చెత్తబండి అవసరమే ఉండదు. చెప్పుకోవడానికి మంచి పనే, నేను కాదనను. డబ్బాల కొనుగోలు నిబంధనల్లో కమిషనర్‌గారు స్వయంగా ఒక వాక్యం చేర్చారు. 'సదరు డబ్బా నుండి చుక్క నీరు గానీ, పిసరు వాసన గానీ, ఒక్క వానపాము గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ బయటకు రారాదు.' ఆ వాక్యం టైపు చేసేటప్పుడు నాకేమీ అనిపించలేదు. మధ్యాహ్నం భోజనానికి ఆలస్యమవుతోందని మాత్రం అనిపించింది.

కంపెనీవాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. మూతకు రబ్బరు చుట్టు, రెండు పక్కలా క్లిప్పులు. నీళ్ళు పోసి తలకిందులు చేసినా చుక్క కారలేదు. విలేకరుల ముందు కమిషనర్‌గారు తలకిందులు చేసి చూపించారు కూడా. మే ఇరవయ్యో తారీకున రాష్ట్ర బృందం వచ్చి, మా ఊరికి 'ఆదర్శ పట్టణం' బిరుదు ఇవ్వాలో వద్దో తేలుస్తుందని అదే సభలో ప్రకటించారు.

ఏప్రిల్ రెండో వారంలో డబ్బాలు పంచాం. ఐదో రోజుకి ఊరంతా ముక్కు మూసుకుంది.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ మస్తాన్‌రావు కమిషనర్‌గారి గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన మెడ మీద అప్పుడే లేచిన సెగగడ్డ ఒకటుంది. అందువల్ల తల తిప్పలేక మనిషంతా తిరిగి మాట్లాడుతున్నాడు.

"సార్, అన్ని వార్డుల్లోనూ చచ్చిపోయినయ్యి సార్."

"చచ్చిపోవడం అనే మాట ఫైల్లో ఉండకూడదు" అన్నారు కమిషనర్‌గారు. నా వైపు చూసి, "'స్పందనను తాత్కాలికంగా నిలిపివేసినవి' అని రాయండి" అన్నారు. రాశాను.

కారణం తెలుపవలసిందిగా మూడు శాఖలకు ఉత్తరాలు పంపాం. సదరు ప్రాణికి కాళ్ళు లేనందున అది పశువుల కిందకు రాదని పశుసంవర్ధక శాఖ తెలియజేసింది. పొలంలో ఉన్నంతవరకే మాది, వంటింట్లోకి వచ్చాక మా పరిధి కాదని వ్యవసాయ శాఖ రాసింది. గాలానికి గుచ్చిన తరువాత మాత్రమే తాము స్పందించగలమని మత్స్యశాఖ విచారం వ్యక్తం చేసింది. చివరికి కమిషనర్‌గారే సమావేశం పెట్టారు. గంటన్నర గడిచింది. టీలు రెండుసార్లు వచ్చాయి. అప్పుడు మస్తాన్‌రావు మెడ తడుముకుంటూ, "ఎండలు మండిపోతున్నయ్యి గదా సార్. వేడి చేసుంటది" అన్నాడు.

గదిలో ఉన్న పద్దెనిమిది మందీ తలలూపారు. నేనూ ఊపాను. తెలుగువాడై పుట్టి ఆ మాటను కాదనగలిగేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కళ్ళు మండితే వేడి చేసింది, నోరు పూస్తే వేడి చేసింది, పరీక్ష తప్పితే కూడా మా మేనమామ వేడి చేసిందనే అన్నాడు. కమిషనర్‌గారి మొహం వెలిగిపోయింది. రెండు పట్టాలున్న మనిషి, అయినా చిన్నప్పుడు వాళ్ళమ్మ తలకు పట్టించిన ఆముదం ఎక్కడికి పోతుంది? "శాస్త్రీయంగా సరిపోతోంది" అన్నారు.

మొదటి సర్క్యులర్ ఆ సాయంత్రమే వెళ్ళింది. 'పురప్రజలు తమ డబ్బాలలోని వానపాములకు ఉదయం ఒక గ్లాసు పల్చటి మజ్జిగయు, సాయంత్రం ఒక గ్లాసు సబ్జాగింజల నీరును తప్పనిసరిగా అందించవలెను. మూత గట్టిగా బిగించి చలువను కాపాడవలెను.' కొత్తగా తెప్పించి పంచిన వానపాములకు జనం శ్రద్ధగా మజ్జిగ పోశారు. కొంతమంది భక్తి కొద్దీ బార్లీ కూడా కాచారు. డబ్బాలో నుంచి చుక్క కారదు కదా, మజ్జిగంతా అడుగున నిలిచింది. మూడో రోజుకే ఆ విడత కూడా స్పందన నిలిపివేసింది.

ఇక్కడ కమిషనర్‌గారి తర్కాన్ని మెచ్చుకోవాలి. చలువ చేసినా చస్తున్నాయంటే వేడి ఇంకెక్కడి నుంచో వస్తోందన్నమాట. వానపాము ఏం తింటోంది? మనం తినగా మిగిలినది. మనం ఏం తింటున్నాం? ఆయన ఆ ప్రశ్న వేసి ఆగారు. గోంగూర, ఆవకాయ, పండుమిరప పచ్చడి, కోడికూర. మస్తాన్‌రావు లెంపలు వాయించుకున్నంత పనిచేశాడు.

రెండో సర్క్యులర్‌కు రెండు పట్టికలు జతపరిచాం. మొదటిది 'ఉష్ణకారక పదార్థాలు'. ఎండుమిర్చి మొదలుకొని నువ్వులు, బెల్లం, గుడ్డు, మామిడిపండు దాకా అరవై రెండు పేర్లు. ఇవి ఊళ్ళో వండరాదు, తినరాదు. రెండోది 'చలువ పదార్థాలు'. సొరకాయ, పొట్లకాయ, బీరకాయ, పెసరపప్పు, మజ్జిగ. బూడిద గుమ్మడికాయ విషయంలో కమిటీ రెండుగా చీలిపోయింది. దానిని పరిశీలనలో ఉంచాం.

అమలుకు 'రుచి తనిఖీ బృందాలు' వేశారు. ఒక్కో బృందంలో ముగ్గురు, ఒక స్టీలు చెంచా. వంట వేళకు ఇళ్ళకు వెళ్ళి, కూర రుచి చూసి, నాలుక మండితే రిపోర్టు రాయాలి. మొదటి రెండు రోజులు ఎక్కడా నాలుక మండలేదు. మూడో రోజు తెలిసింది, ఆ బృందాల వాళ్ళూ ఈ ఊరివాళ్ళే, ఎంత కారమున్నా వాళ్ళకి మండదని. అప్పుడు పక్క జిల్లా నుంచి చప్పిడి తినే ఉద్యోగులను డిప్యుటేషన్ మీద రప్పించారు. పాపం, వాళ్ళలో ఒకాయన మా వీధిలో ముద్దపప్పు అనుకుని కందిపచ్చడి నోట్లో వేసుకుని ఆసుపత్రిలో చేరాడు. పెళ్ళిళ్ళ వాళ్ళు మెనూ పట్టుకుని ఆఫీసు ముందు వరసలో నిలబడ్డారు. ఒక పెద్దావిడ వచ్చి తన కోడలు బియ్యం డబ్బాలో ఆవకాయ జాడీ దాచిందని రాతపూర్వకంగా ఇచ్చి, విచారణ సందర్భంగా ఆ జాడీ తన సమక్షంలోనే తెరవాలని కోరింది.

ఇదంతా చూసి నవ్వుకుంటూ టైపు చేస్తూ వచ్చాను. కనకాయమ్మ పేరు కాయితం మీదకు వచ్చేదాకా.

బస్టాండు పక్కన కనకాయమ్మకు కూరల పాయింటు ఉంది. భర్త లారీ మీద నుంచి పడి నడుం పోగొట్టుకుని మంచాన ఉన్నాడు. కూతురు నర్సింగు చదువుతోంది. ఆ ఇద్దర్నీ మోస్తున్నది ఆ ఎనిమిదడుగుల కొట్టు. మా ఆవిడ వేరే ఊళ్ళో టీచరు కావడంతో నేను ఏడేళ్ళుగా మధ్యాహ్నం పూట అక్కడే తింటున్నాను. ఆమె గోంగూర పచ్చడి రుచి గురించి రాయడం మొదలుపెడితే ఈ కథ ముందుకు పోదు.

నోటీసు ఇలా ఉంది. 'పట్టణమునందలి వేడిలో అధికభాగమునకు తమ దుకాణము మూలస్థానమని తనిఖీలో తేలినందున, సదరు దుకాణమును ఏల మూసివేయరాదో మూడు దినములలో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' టైపు చేసే ముందు రెండుసార్లు చదివాను. అయినా టైపు చేశాను. దాన్ని ఇవ్వడానికి నేనే వెళ్ళాను.

కనకాయమ్మ చదివించుకుని విన్నది. గరిటె పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఇది నువ్వు కొట్టిందేనా అబ్బాయ్?"

"నేనే పిన్నీ."

"అచ్చరాలు బాగున్నయ్యిలే" అంది. గరిటె మళ్ళీ అందుకుని, "కొట్టు మూస్తే మీ బాబాయికి మందులెట్టా? పిల్ల ఫీజెట్టా? వానపాముకి వేడి చేసిందని నా కడుపు మాడుస్తారా? నా డబ్బాలో పురుగులు బంగారంలా ఉన్నయ్యి, సూద్దువుగాని రా" అంది.

కొట్టు వెనక వాకిట్లో నీలం డబ్బా ఉంది. మూత తీసింది. వాసన లేదు. వాన పడ్డ మట్టి వాసన తప్ప. గోంగూర కాడల కింద వానపాములు కుప్పలుగా తిరుగుతున్నాయి. పంచిన పదకొండు వేల డబ్బాల్లో నేను చూసిన మొదటి బతికున్న వానపాములు అవే.

అక్కడే చీపురు పట్టుకుని నిలబడ్డ రాహేలమ్మ నవ్వింది. ఆమె మా ఆఫీసు పారిశుద్ధ్య కార్మికురాలు. ఊరి చెత్తతో ఇరవై ఏళ్ళ పరిచయం.

"దీంట్లో ఏం మందు కలిపారు రాహేలమ్మా?" అన్నాను.

"మందేంది సారూ? ఆ డబ్బాకి బెజ్జం లేదు గదా. గాలాడక, నీళ్ళు పోక, పానం ఉన్నదేదైనా చావక ఏం చేసుద్ది? ఇనప చువ్వ కాల్చి పైనా కిందా నాలుగు పొడిచా. అంతే."

"మరి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదే?"

"ఎవురన్నా అడిగితే గదా సారూ చెప్పేది. సమావేశానికి టీలు అందించడానికి పిలిచారుగానీ, మాటడగడానికి పిలవలేదు."

ఆ మాటకు నాకు సిగ్గేసింది. ఆఫీసుకు వచ్చి, పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా నా అంతట నేను ఫైల్లో ఒక నోటు పెట్టాను. 'డబ్బాలకు బెజ్జములు లేనందున వానపాములు మరణించుచున్నవి. బెజ్జములు పెట్టిన ఒక డబ్బాలో సజీవముగా ఉన్నవి.'

కమిషనర్‌గారు పిలిపించారు. కోప్పడలేదు. కళ్ళజోడు తీసి, చాలా ఓపికగా అడిగారు.

"పిచ్చేశ్వరరావ్, మనం సరఫరా చేసింది ఏమిటి?"

"డబ్బా సార్."

"బెజ్జాలుంటే దాన్ని ఏమంటారు?"

"బెజ్జాలున్న డబ్బా సార్."

"జల్లెడ అంటారు. పదకొండు వేల డబ్బాలకు మనకు అనుమతి ఉంది. ఒక్క జల్లెడకు కూడా లేదు. పైగా ఎవరో ప్రభుత్వ డబ్బాకు బెజ్జాలు పొడిచారని నువ్వే రాతపూర్వకంగా ఒప్పుకున్నావు. ఎవరది?"

నేను చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. నోటీసు ఇవ్వడానికి నేను వెళ్ళింది ఎక్కడికో ఆయనకు తెలుసు. మే పద్నాలుగున కనకాయమ్మ కొట్టుకు తాళం పడింది. మూలస్థానమైనందుకు ఒకటి, ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు ఒకటి, రెండు సీళ్ళు వేశారు. వెనక వాకిలికి కూడా వేశారు. నేను నోటు పెట్టకుండా ఉంటే ఒక్క సీలుతో పోయేది. ఆ వారం రోజులూ మధ్యాహ్నం అరటిపళ్ళు తిన్నాను. బస్టాండు వైపు నుంచి వెళ్ళడానికి మొహం చెల్లక చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ణి.

మే పంతొమ్మిదిన రాష్ట్ర బృందం ఒక రోజు ముందే దిగింది. నాయకురాలు హైమవతిగారు. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న పుస్తకం, తక్కువ మాటలు. అతిథి గృహంలో ఆమెకు ఉదయం పెసరకట్టు, మధ్యాహ్నం పొట్లకాయ పెరుగుపచ్చడి, రాత్రి సొరకాయ పప్పు పెట్టారు. మర్నాడు ఉదయం వార్డులు చూడటానికి బయల్దేరారు. ఆమె అడిగింది ఒకటే. "నివేదికలు తర్వాత చూస్తాను. ముందు నాకొక బతికున్న వానపామును చూపించండి."

మొదటి ఇంట్లో మూత తీశారు. కమిషనర్‌గారే వెంటనే మూసేశారు. రెండో ఇంట్లో మస్తాన్‌రావు, "అవి నిద్రపోయే టైమండి" అన్నాడు. మూడో ఇంట్లో డబ్బాను కడిగి శుభ్రంగా తుడిచి, అందులో బియ్యం పోసుకున్నారు. పన్నెండో ఇంటికి వచ్చేసరికి హైమవతిగారు పుస్తకం మూశారు. వీధి చివర చెమట తుడుచుకుంటూ నిలబడ్డ రాహేలమ్మ ఆమె కంట పడింది.

"ఏమ్మా, ఈ ఊళ్ళో ఒక్క వానపామైనా బతికుందా?"

"ఎందుకు లేవమ్మా, ఉన్నయ్యి" అంది రాహేలమ్మ. "కాకపోతే తాళమేసి పెట్టారు."

కమిషనర్‌గారి మొహంలో రంగులు మారాయి. కానీ హైమవతిగారు అప్పటికే కారెక్కారు.

కొట్టు మెట్ల మీద కనకాయమ్మ కూర్చుని ఉంది. తాళం వేసిన నాటి నుంచీ రోజూ వచ్చి అక్కడే కూర్చుంటోందని నాకు అప్పుడు తెలిసింది. మస్తాన్‌రావు సీళ్ళన్నీ తీశాడు. వెనక వాకిట్లో డబ్బా మూత తీసేటప్పుడు నేను ముందుకు వంగాను. ఆరు రోజులు ఎవరూ చూడలేదు. చచ్చిపోయి ఉంటే ఆమె కొట్టు ఇక తెరుచుకోదు.

హైమవతిగారు చెయ్యి లోపల పెట్టారు. పైకి తీసేసరికి వేళ్ళ నిండా ఎర్రగా మెలికలు తిరుగుతున్నాయి.

"ఏం పెడుతున్నారమ్మా వీటికి?"

"ఏముంది తల్లీ, గోంగూర కాడలు, మిరపకాయ తొడిమెలు, దోసకాయ చెక్కు. గాలి" అంది కనకాయమ్మ.

హైమవతిగారు కమిషనర్‌గారి వైపు తిరిగారు. "మీ పట్టికలో ఈ గోంగూర నిషిద్ధం కదండీ? అది తిని ఇవి ఇంత బాగుంటే, దీనికి తాళమెందుకు వేశారు?"

మనిషి అన్నవాడు అలాంటి చోట తడబడతాడు. విశ్వపతిగారు తడబడలేదు. అందుకే ఆయన కమిషనర్, నేను జూనియర్ అసిస్టెంటుని. గొంతు సవరించుకుని, "ఇది మా ప్రయోగ కేంద్రమండి. అధిక ఉష్ణాహార సహనశీల వానపాముల అభివృద్ధి కేంద్రం. పరిశోధన రహస్యం బయటకు పొక్కకుండా తాళం వేసి కాపాడుతున్నాం. ఈమె మా గౌరవ పరిశోధకురాలు" అన్నారు.

కనకాయమ్మ నావైపు చూసింది. కాదనవద్దని నేను కళ్ళతోనే చెప్పాను. ఆమె కాదనలేదు, కానీ ఊరుకోలేదు.

"పరిశోధనకి పొయ్యి కావాల్నయ్యా. రోజూ గోంగూర వండకపోతే వీటికి కాడలెట్టా వస్తయ్యి?"

"తప్పకుండా, తప్పకుండా. కేంద్రం నిరంతరాయంగా పనిచేయాలి" అన్నారు కమిషనర్‌గారు. ఆ మాట హైమవతిగారు పుస్తకంలో రాసుకున్నారు. తరువాత గొంతు తగ్గించి కనకాయమ్మను, "ఇప్పుడు కొంచెం పచ్చడి దొరుకుతుందామ్మా? రెండు రోజులైంది నాలుకకు ఏదైనా తగిలి" అని అడిగారు. కనకాయమ్మ ఇంటికి పరిగెత్తి జాడీ తెచ్చింది. రాష్ట్ర బృందం నిలబడే తిన్నది.

మా ఊరికి ఆదర్శ పట్టణం బిరుదు వచ్చింది. కొట్టు మీద పెద్ద బోర్డు పెట్టారు, పరిశోధన కేంద్రమని. దాని కింద చిన్న అక్షరాలతో 'కూరలు దొరకును' అని కనకాయమ్మ రాయించుకుంది. ఉష్ణకారక పట్టిక రద్దు కాలేదు, సమీక్షలో ఉంది. రుచి తనిఖీ బృందాలు ఇప్పుడు ప్రతి మధ్యాహ్నం ఆ కొట్లోనే తనిఖీ చేస్తున్నాయి. మస్తాన్‌రావు రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ తనిఖీ చేస్తాడు.

బృందం పంపిన నివేదికలో డబ్బాలకు బెజ్జాలు పెట్టాలని ఒక వాక్యం ఉంది. పై నుంచి వచ్చిన మాట కాబట్టి అది ఇప్పుడు నిజమైంది. నెల తిరక్కుండా పదకొండు వేల కొత్త డబ్బాలు వచ్చాయి. మూతకు పన్నెండు బెజ్జాలు, అడుగున పన్నెండు, చక్కగా గుండ్రంగా ఉన్నాయి. మొదటి డబ్బాను గౌరవ పరిశోధకురాలికి ఇవ్వాలన్నారు. నేనే తీసుకెళ్ళాను.

కనకాయమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. రాహేలమ్మను పిలిచింది. ఇద్దరూ కలిసి చూశారు. మూత మీద, బెజ్జాలన్నిటినీ పూర్తిగా కప్పేస్తూ, తళతళలాడే స్టిక్కరు అంటించి ఉంది. వానపాముల్ని అరచేతిలో పట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న కమిషనర్‌గారి ఫొటో అది. తిరగేశారు. అడుగున కూడా అదే ఫొటో. స్టిక్కరు చింపినా, తొలగించినా శిక్షార్హులని కింద ఒక వాక్యం రాసి ఉంది. ఆ వాక్యం కూడా నేను టైపు చేసిందే.

"చింపకూడదంట గదా సారూ?" అంది రాహేలమ్మ.

"చింపకూడదు."

"పొడవకూడదని రాయలేదు గదా?"

ఆలోచించాను. రాయలేదు. రాహేలమ్మ పొయ్యిలోంచి కాలిన చువ్వ తీసుకొచ్చి, ఫొటోలో కమిషనర్‌గారి ముక్కు దగ్గర సరిగ్గా రెండు బెజ్జాలు పొడిచింది. "ఆయనకీ గాలాడాల్నా వద్దా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కనకాయమ్మ గరిటె పక్కన పడేసి నవ్వింది. చాలా రోజుల తరువాత ఆమె నవ్వడం చూశాను.

ఈ సంగతి ఎవరో పైకి మోసేశారు. ఇవాళ ఉదయం కమిషనర్‌గారు పిలిచి, సదరు రాహేలమ్మకు ఘాటుగా ఒక నోటీసు టైపు చేసి సాయంత్రంలోగా సంతకానికి పెట్టమన్నారు. కాయితం మిషన్‌లో ఎక్కించి తారీకు మాత్రం కొట్టాను. మిగతాది భోజనం చేసి వచ్చాక చూద్దామని లేచాను. ఇవాళ గోంగూర.